స్మార్ట్ సిటీ అన్న పేరు చూసి ఇల్లు కొనొచ్చా? కరీంనగర్, హన్మకొండ వాళ్లు చెప్పండి

ఖని కుర్రాడు:

అందరికీ నమస్తే. మా నాన్న సింగరేణిలో వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు, క్వార్టర్ అప్పజెప్పాలి. మా గోదావరిఖనిలో రిటైరైనవాళ్లు చాలామంది కరీంనగర్‌కో హన్మకొండకో పోతుంటారు కదా, మేమూ ఆ రెండు ఊళ్లలోనే చూస్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు ఇన్నేళ్ల బొగ్గు దుమ్ముతో ఊపిరి సరిగా ఆడదు. వాళ్లిద్దరూ ఇబ్బంది లేకుండా బతికే చోటు కావాలి, రేపు అమ్మితే ఎంతొస్తుంది అన్నది తర్వాతి మాట.

ఎక్కడికెళ్లినా బ్రోకర్లది ఒకటే పాట, "ఇది స్మార్ట్ సిటీ తమ్ముడూ, అందుకే ఈ రేటు" అని. నేనూ కొంచెం చదివాను. 2015 జూన్‌లో స్మార్ట్ సిటీస్ మిషన్ మొదలైంది, దేశం మొత్తమ్మీద 100 ఊళ్లు, ఒక్కో ఊరికి కేంద్రం 500 కోట్ల దాకా ఇస్తే అంతే సొమ్ము రాష్ట్రం వైపు నుంచి రావాలి. వరంగల్ (హన్మకొండ దాని కిందే వస్తుంది) 2016 మేలో, కరీంనగర్ 2017 జూన్‌లో జాబితాలోకి వచ్చాయి. 2025 మార్చి 31తో మిషన్ ముగిసింది. అంటే చేయాల్సింది చేసేసినట్టే కదా? మరి హన్మకొండలో ఒక కాలనీకి పోతే సీసీ రోడ్డు కొత్తగా ఉంది, ఎల్‌ఈడీ లైట్లున్నాయి, మూల మీద కెమెరాలున్నాయి, కానీ వరుసగా ఇళ్ల గోడల మీద నడుమెత్తున నీటి మరక ఉంది. అడిగితే "ఎప్పుడో ఒకసారి వస్తుందిలే" అన్నాడు బ్రోకర్. అప్పటి నుంచి అదే టెన్షన్.

అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి, ఈ పేరు వల్ల రోజువారీ బతుకులో ఏమైనా తేడా వచ్చిందా? ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నేను అసలు ఏం చూడాలి?

ఓరుగల్లు వాసి:

తమ్ముడూ, ఆ మరక నిజం, బ్రోకర్ మాట అబద్ధం. 2020 ఆగస్టులో వచ్చింది, 2023 జులైలో వచ్చింది, 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు మళ్లీ వచ్చింది. దీన్ని "ఎప్పుడో ఒకసారి" అంటారా? మొంథా అప్పుడు మా చుట్టాలింట్లో అర్ధరాత్రి ఫ్రిజ్ నీళ్లలో తేలింది, ముసలామెను మంచంతో సహా డాబా మీదికి ఎక్కించారు.

ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే ఈ ఊరు ఎలా కట్టారో తెలియాలి. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడ చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగు పట్టుకుని కింది చెరువులోకి పోవాలి. వడ్డేపల్లి చెరువు, గోపాల్‌పూర్ ఊర చెరువు, భద్రకాళి, ఉర్సు చెరువు, ఇవన్నీ అట్లా ఒకదానికొకటి అంది పుచ్చుకునేవే. చెరువులు ఏదో రకంగా మిగిలాయి, వాటిని కలిపే వాగులే పోయాయి. గోపాల్‌పూర్ వైపు నుంచి దిగే నీళ్లు సమ్మయ్యనగర్ మీదుగా నయీంనగర్ నాలాలో పడాలి, ఆ దారి పొడవునా ఇళ్లు, షాపులు, హాస్టళ్లు. అటు వరంగల్ వైపు బొందివాగు పరిస్థితీ అదే, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ వాళ్లను అడుగు. నయీంనగర్ దగ్గర పాత వంతెన కొట్టేసి కొత్తది కట్టారు, నాలా వెడల్పు చేసి రిటైనింగ్ వాల్ కట్టారు. ఆ పని మంచిదే, నేను కాదనను. కానీ మధ్యలో ఒక్క చోట ఇరుకున్నా వెనక కాలనీలన్నీ మునుగుతాయి.

భద్రకాళి బండ్ చాలా అందంగా చేశారు, మేమూ పొద్దున వాకింగ్‌కు అక్కడికే పోతాం. అదే చెరువు కట్టకు 2023లో పోతననగర్ వైపు గండి పడింది. నాకు బాధేసేది అక్కడే. బండ్ మీద లైటింగ్‌కు పెట్టిన శ్రద్ధలో సగం కట్టకూ తూముకూ మత్తడికీ పెట్టాలి కదా.

ఇంకోటి గమనించు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే కొత్త సీసీ రోడ్డు వేస్తారు. రెండుసార్లు వేస్తే ఇంటి గడప రోడ్డు కన్నా కిందికి పోతుంది. మెట్లెక్కి లోపలికి పోయే ఇల్లు చూస్తున్నావా, మెట్లు దిగి పోయే ఇల్లు చూస్తున్నావా అన్నది మొదట చూసుకో.

రిటైర్డ్ ఏఈ:

బాబూ, నేను పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ వైపు పనిచేసి దిగినవాణ్ని. మిషన్ మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన మార్గదర్శకాలు తీసి చూడు, ఊరికి ఉండాల్సిన ప్రాథమిక సదుపాయాల్లో మొట్టమొదట రాసింది చాలినన్ని నీళ్లు, తర్వాత నికరంగా కరెంటు, ఆ తర్వాత పారిశుధ్యం, చెత్త. ఐటీ, డిజిటల్ అన్నవి వాటి కిందెక్కడో వస్తాయి. ఆ వరుసలో తప్పేమీ లేదు. చిక్కంతా ఎక్కడంటే, నీటి పైపులు మార్చాలన్నా మురుగు లైన్లు వేయాలన్నా ఊరంతా తవ్వాలి, జనం తిడతారు, ఏళ్లు పడుతుంది, అంతా అయ్యాక మళ్లీ మట్టి కప్పేస్తారు కాబట్టి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. కూడలి సుందరీకరణ, పార్కు, లైట్లయితే కొన్ని నెలల్లో రిబ్బన్ కత్తిరించొచ్చు. పైగా ఆ డబ్బులో ఎక్కువ భాగం ఊరంతటికీ కాదు, ఊళ్లో ఎంచుకున్న ఒక ముక్కకు. పాత ప్రాంతాన్ని బాగుచేసే పద్ధతిలో ఆ ముక్క కనీసం 500 ఎకరాలుండాలని రూలు. నువ్వు చూసే కాలనీ ఆ ముక్కలో లేకపోతే స్మార్ట్ సిటీ పేరు వల్ల దానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లో మిగతా గంటలన్నీ పైపు ఖాళీగా ఉంటుంది, లోపల ఒత్తిడి ఉండదు. మన ఇళ్లకొచ్చే కనెక్షన్ పైపు చాలాచోట్ల మోరీలోంచో మోరీ పక్కనుంచో పోతుంది. దానికి ఎక్కడైనా సన్నగా చిల్లి పడితే ఖాళీ పైపు బయటి మురికిని లోపలికి లాగుతుంది. నీళ్లు వదలగానే మొదట వచ్చే రెండు మూడు బిందెలు ఎర్రగానో నల్లగానో ఉండి వాసన వస్తున్నాయంటే కారణం తరచుగా అదే. దీనికి తోడు కింద సంపులోకి చాలినంత రావట్లేదని నల్లాకు నేరుగా మోటారు బిగిస్తారు, అది ఇంకా గట్టిగా లాగుతుంది, చివరి ఇంటికి చుక్క రాదు. 24 గంటలూ పైపులో ఒత్తిడి ఉంటే చిల్లి ఉన్నా నీళ్లే బయటికి కారతాయి తప్ప మురికి లోపలికి రాదు. అంటే 24 గంటల నీళ్లు డబ్బున్నవాళ్ల సోకు కాదు, రోగాలు రాకుండా చూసే పద్ధతి.

మన దేశంలో ఇది కాదు అనేవాళ్లకు చెప్పండి, కర్ణాటకలో హుబ్లీ–ధార్వాడ్‌లో కొన్ని వార్డుల్లో 2008లోనే చేసి చూపించారు, ఒడిశాలో పూరీ 2021 జులై నుంచి ఊరంతటికీ నల్లా తిప్పి నేరుగా తాగే నీళ్లు ఇస్తోంది. పూరీ ఏమీ ధనిక నగరం కాదు. కనెక్షన్లు మార్చారు, మీటర్లు పెట్టారు, ఊరిని చిన్న చిన్న జోన్లుగా విడగొట్టి ఏ జోన్‌లో ఎన్ని నీళ్లు లోపలికి పోతున్నాయో, ఎన్ని లెక్కకు వస్తున్నాయో చూశారు. సెన్సార్లకు అసలు పని అక్కడుంది. లీకేజీ ఏ వీధిలో ఉందో చెప్పే మీటరును మించిన స్మార్ట్ వస్తువు నా దృష్టిలో లేదు.

మురుగు గురించి కూడా ఒక మాట. భూగర్భ డ్రైనేజీ లేని కాలనీలో ఇంటి సెప్టిక్ ట్యాంకు పొంగి మోరీలోకి, మోరీ నాలాలోకి, నాలా చెరువులోకి పోతుంది. వరంగల్ 2016లోనే సెప్టిక్ ట్యాంకుల మలినం ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదని నిబంధనలు తెచ్చింది, అమ్మవారిపేట దగ్గర శుద్ధి కేంద్రం పెట్టారు. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్న పని అది. నువ్వు చూసే ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, ట్యాంకర్ పైపు అక్కడిదాకా పోతుందా లేదా అడుగు, చాలామంది ట్యాంకు మీదనే వంటగది కట్టేస్తున్నారు.

మానేరు గట్టు:

కరీంనగర్ తరఫున నేను చెప్తా. ముందుగా ఒక విషయం, మన రాష్ట్రం నుంచి మొదట హైదరాబాద్ పేరు పంపారు, తర్వాత దాని బదులు కరీంనగర్‌ను పెట్టారు. మాకు దొరికిన అదృష్టం అది. నీళ్ల విషయంలో మాకు దిగులు తక్కువ, ఊరి పక్కనే లోయర్ మానేరు డ్యామ్ ఉంది, 24 టీఎంసీల కెపాసిటీ. 2025 జనవరిలో హౌసింగ్ బోర్డు కాలనీలో 24 గంటల నీటి సరఫరా మొదలుపెట్టారు. మిగతా కాలనీల్లో టైమ్ ప్రకారమే వస్తాయి. కాబట్టి "కరీంనగర్‌లో 24 గంటలూ నీళ్లు" అని ఎవరన్నా అంటే ఏ కాలనీ అని అడుగు.

మీ నాన్నగారికి ఊపిరి ఇబ్బంది అన్నావు కాబట్టి ఇది కచ్చితంగా చెప్పాలి. మానేరు ఒడ్డున పాత డంపింగ్ యార్డు ఉంది. ఎండాకాలం దానికి నిప్పంటుకుంటే గాలి ఎటు తిరిగితే అటు కాలనీలకు పొగ కమ్ముతుంది. మా పెద్దనాన్నకు ఆస్తమా, పొగ వచ్చిన రాత్రుల్లో కిటికీలన్నీ మూసి ముక్కుకు తడి బట్టలు కట్టుకుని కూర్చునేవాళ్లం. పాత చెత్తను తవ్వి వేరుచేసే బయోమైనింగ్ పని పెట్టారు, కానీ నువ్వు ఎవరి మాటా నమ్మకుండా మార్చి, ఏప్రిల్‌లలో ఒక సాయంత్రం స్వయంగా వచ్చి నిలబడి చూడు. ఆ పక్కన మాత్రం తీసుకోకు, ఎంత చవగ్గా వచ్చినా సరే.

అమ్మగారి మోకాళ్లకు ఫుట్‌పాత్‌లు చూడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే జానెడు కన్నా తక్కువ. స్మార్ట్ రోడ్ల మీద కూడా అంతకు రెండింతలున్నవి చూశాను, ప్రతి గేటు దగ్గరా దిగాలి, మళ్లీ ఎక్కాలి. పెద్దవాళ్లు అందుకే రోడ్డు మీద నడుస్తారు. మందుల షాపు, కూరగాయలు, బస్‌స్టాప్ దాకా అమ్మగారిని ఒకసారి నడిపించి చూసి కొనండి.

ఎంవీపీ కాలనీ లక్ష్మి:

నేను తెలంగాణ కాదు, వైజాగ్. కానీ ఇల్లు చూసేటప్పుడు కరెంటు గురించి కూడా అడగాలని చెప్పడానికి రాస్తున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వీధిలో స్తంభాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కరెంటు లేకపోతే మోటార్లు లేవు, మోటార్లు లేకపోతే నీళ్లు లేవు, సెల్ టవర్లకు డీజిల్ అయిపోతే ఫోన్లూ లేవు. లిఫ్ట్ ఆగిపోయిన అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల్లోని పెద్దవాళ్లకు బకెట్లతో నీళ్లు మోశాం. ఒకటి పడితే మిగతావన్నీ ఎలా పడిపోతాయో అప్పుడు కళ్లారా చూశాం.

తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద నగరంలో చాలా భాగం కరెంటు లైన్లు భూమిలోకి వేశారు. వేస్తున్నన్నాళ్లూ మా వీధి నరకం, నిజమే. ఇప్పుడు గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడి కరెంటు పోవడం అన్నది మా వైపు దాదాపు లేదు. వైజాగ్ 2016 జనవరిలో వచ్చిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో ఒకటి, బీచ్ రోడ్డులో వికలాంగ పిల్లలు కూడా ఆడుకునేలా పార్కు కట్టారు, ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు పెట్టారు. ఇవన్నీ నాకు ఇష్టమే. అయినా మా జీవితాన్ని ఎక్కువగా మార్చింది ఏది అంటే ఆ కేబుల్ పనే అంటాను.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. భూమిలో కేబుల్‌కు ఫాల్ట్ వస్తే ఎక్కడ పోయిందో వెతకడానికి టైమ్ పడుతుంది, ఇంటర్నెట్ వాళ్లో నీళ్ల వాళ్లో జేసీబీతో తవ్వి కేబుల్ తెంపిన రోజులున్నాయి. ఏ లైను ఎంత లోతులో ఎటు పోతోందో అందరి దగ్గరా ఒకే మ్యాపు ఉండి, తవ్వే ముందు అది చూసి తీరాలి. ఆ మ్యాపు లేని ఊరిని నేను స్మార్ట్ అనను.

స్క్రీన్ ముందు మనిషి:

అందరూ పైపులు, నాలాలు, కేబుళ్ల గురించే చెప్పారు కాబట్టి నేను ఇంకో వైపు చెప్తాను. వంద ఊళ్లలోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు, అంటే ఊళ్లోని కెమెరాలు, సెన్సార్లు అన్నీ ఒకే చోట స్క్రీన్ల మీద చూసే గదులు పెట్టారు, అలాంటి ఒకదాంట్లో నేను పనిచేశాను. 2020లో కోవిడ్ అప్పుడు చాలా ఊళ్లలో ఆ సెంటర్లే వార్ రూములయ్యాయి, బెడ్లు, అంబులెన్సులు అన్నీ అక్కడి నుంచే చూశారు. చెత్త బండి ఏ వీధికి రాలేదో తెలుస్తుంది, ఏ లైటు వెలగట్లేదో తెలుస్తుంది, నాలాలో నీటి మట్టం పెరుగుతుంటే కింది కాలనీకి గంట ముందు చెప్పొచ్చు. ఆ గంటలో ఒక ముసలాయన్ను బయటికి తేవొచ్చు కదా.

రిటైర్డ్ ఏఈ:

తేవొచ్చు, ఆ గంట విలువ నాకు తెలుసు, అందుకు నేను వ్యతిరేకం కాదు. నా బాధ తర్వాతి ఖర్చు గురించి. మిషన్ ఉన్నన్నాళ్లూ కట్టడానికి డబ్బు వచ్చింది, ఇప్పుడు నడపాల్సింది కార్పొరేషన్ ఆస్తి పన్ను, నీటి బిల్లులతోనే. సాఫ్ట్‌వేర్ లైసెన్సు, ఆపరేటర్ల జీతాలు, సెన్సార్లు మార్చడం, కరెంటు బిల్లు ఏటా ఉంటాయి. నాలా పూడిక తీతకూ దీనికీ మధ్య డబ్బు సరిపోకపోతే, అలారం మోగుతుంది కానీ నాలాలో సగం మట్టే ఉంటుంది. వానాకాలానికి ముందు పూడిక తీసే పనికి మొదట డబ్బు కేటాయించి మిగిలినదాంతో సెంటర్ నడపాలి. ఏ మేయర్ అయినా, ఏ పార్టీ అయినా, నేను అడిగేది ఇదే.

సర్పవరం జంక్షన్:

ర్యాంకులు చూసి మాత్రం మోసపోవద్దండి. కేంద్రం ఇచ్చిన 2020 ఈజ్ ఆఫ్ లివింగ్ (బతకడానికి అనువైన ఊళ్ల) ర్యాంకుల్లో 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో మా కాకినాడకు 4వ స్థానం వచ్చింది. మా ఊరి వీధులు గళ్లు గీసినట్టు సూటిగా ఉంటాయి, తిరగడానికి హాయి, ఆ మేరకు నాకు గర్వమే. కానీ ఊరంతా పల్లం, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు గట్టిగా వానపడితే డ్రెయిన్లలో నీళ్లు దిగే దారి లేక వెనక్కి తంతాయి. 2018 ర్యాంకుల్లో తిరుపతి దేశంలో 4వది, 2021 నవంబర్ వరదలకు అదే తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం టీవీల్లో అందరం చూశాం. ర్యాంకు ఊరు మొత్తానికి ఇస్తారు, మనం ఉండేది ఒక్క వీధిలో.

ఖని కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకు అన్నీ చదివి వినిపించాను. డంపింగ్ యార్డు సంగతి విని ఆ వైపు చూసిన ఇల్లు వద్దన్నారు, హన్మకొండలో మరక ఉన్న కాలనీ కూడా వదిలేశాం. ఏఈ గారూ, ఒక్క డౌట్. ఇప్పుడు ఖాళీగా, పొడిగా కనిపించే స్థలంలో ఒకప్పుడు వాగో కుంటో ఉండేదా అన్నది ఎలా తెలుస్తుంది? అమ్మేవాళ్లు చెప్పరు కదా.

రిటైర్డ్ ఏఈ:

మంచి ప్రశ్న. పాత గ్రామ నక్షా (మ్యాపు) సంపాదించు, ఇప్పుడు కాలనీలైనవన్నీ ఒకప్పుడు గ్రామాలే, వాటి నక్షాల్లో వాగులూ కుంటలూ గీసి ఉంటాయి. పాత పహాణీలో (భూమి రికార్డులో) ఆ సర్వే నంబరు ఎదురుగా శిఖం అని ఉంటే ఇక మాట్లాడకుండా వెనక్కి వచ్చేయ్, అది చెరువు గర్భం. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువైతే పూర్తి నీటి మట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు వదలాలి. పర్మిషన్ కాగితం ఉందంటే సరిపోదు, టేపు పెట్టి కొలుచుకో. తర్వాత ఆ వీధిలో పాలు పోసేవాళ్లనో కిరాణా షాపు వాళ్లనో అడుగు, వాన వచ్చినప్పుడు నీళ్లు ఏ మూల నుంచి వస్తాయో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నక్షాలో నీ సర్వే నంబరు ఒక్కటే చూసి రావొద్దు, చుట్టూ ఆనుకుని ఉన్న నంబర్లు కూడా రాసుకుని రా. నీ ప్లాటు శుభ్రంగానే ఉండి, పక్క నంబరులో వాగును పూడ్చి వెంచర్ చేసి ఉంటే ఆ నీళ్లు వచ్చేది నీ ఇంట్లోకే.